పక్క సందులో జనరేటర్

జోగమ్మకి ఎవరి మీదా పూర్తి నమ్మకం ఉండేది కాదు. పాలవాడు పోసిన పాలలో వేలు ముంచి చూసుకుని గానీ గిన్నె లోపలికి తీసుకెళ్లేది కాదు. షేర్ ఆటో ఎక్కితే దిగేదాకా సంచీ ఒళ్లోంచి తీసేది కాదు. గాజువాకలో కొడుకు ఇంటికొచ్చాక ఆ అనుమానాలన్నీ ఒక్కొక్కటిగా కోడలి మీదికి తిరిగాయి.

కోడలు ధనశ్రీ వాళ్లది గోదావరి వైపు. తండ్రి స్టీలు ప్లాంటు ఉద్యోగానికొచ్చి ఇక్కడే ఉండిపోయాడు. పిల్ల ఇంట్లోనే కూర్చుని ఏదో విదేశీ కంపెనీకి పని చేస్తుంది. చెవులకి ఫోను తగిలించుకుని, తలుపేసుకుని, పొద్దస్తమానం ఇంగ్లీషులో మాట్లాడుతుంది. మధ్యలో నవ్వుతుంది. ఆ నవ్వు తన గురించేనని జోగమ్మకి గట్టి అనుమానం.

ఆ ఏడు ఎండాకాలం కరెంటు మరీ అన్యాయంగా పోయేది. వీధిలో కేబుళ్లు మారుస్తున్నారని పట్టపగలే గంటలకి గంటలు తీసేసేవారు. ఇన్వర్టరు కాసేపు లాగి చేతులెత్తేసేది. రెండుసార్లు మీటింగు మధ్యలో తెగిపోయి పైవాళ్ల చేత మాట పడ్డాక ధనశ్రీ ఇక జనరేటర్ కొనాల్సిందేనంది. కొడుకు సాయిశంకర్ పరవాడలో మందుల కంపెనీలో షిఫ్టుల ఉద్యోగి. ఓ సెలవు రోజు చూసి ఇద్దరూ మద్దిలపాలెం బయల్దేరుతుంటే జోగమ్మ కూడా చెప్పులేసుకుంది.

కొట్లో ఎర్రటి మిషన్లు వరసగా పెట్టి ఉన్నాయి. కొట్టాయన ఇంట్లో ఏమేం నడవాలో అడిగాడు. ఫ్రిజ్జు, ఫ్యాన్లు, కంప్యూటరు, వీలైతే ఓ ఏసీ అంది ధనశ్రీ. డీజిలుది మీ ఇంటికి పెద్దదైపోతుంది, పెట్రోలుది చాలని ఆయన ఒకటి చూపించాడు. జోగమ్మ వంగి దాని అడుగు చూసింది, బోల్టుల చుట్టూ రంగు గీరుకుపోయిందేమోనని చూసింది.

"ఇది ఎవులైనా వాడి ఒగ్గీసిందేటి బాబూ?"

"కొత్తదే పెద్దమ్మా. అట్టపెట్టె మీ ముందే విప్పాం కదా."

"పెట్టిలో ఎవులు పెట్టినారో నాకేటి తెల్సు?"

కొట్టాయన నవ్వేశాడు. తరువాత ధనశ్రీని పక్కకి పిలిచి దాన్ని ఎక్కడ పెట్టాలో చెప్తుంటే, వాళ్లిద్దరూ అలా గొంతు తగ్గించి మాట్లాడుకోవడం జోగమ్మకి నచ్చలేదు. నిజానికి ఆయన చెప్పింది గాలి ఆడేచోట, బయట పెట్టుకోమని. అంతకుమించి ఏమీ చెప్పలేదు.

బిగించడానికి మనిషొచ్చిన రోజు మొదట గేటు పక్కన పెడదామనుకున్నారు. సాయిశంకర్ వద్దన్నాడు. అక్కడైతే ఎవరైనా ఎత్తుకుపోతారు, ఎదురింటివాళ్లు మోతకి గొడవకొస్తారు. చివరికి ఇంటికీ ప్రహరీగోడకీ మధ్యనున్న సన్నటి సందులో పెట్టించాడు. వాన పడకుండా పైన రేకు కప్పించాడు. కరెంటు పోతే ఇంటి లైను దీనిమీదికి తిప్పుకోడానికి వసారా గోడకి పెద్ద స్విచ్చొకటి బిగించారు. బిగిస్తున్నంతసేపూ జోగమ్మ స్టూలేసుకుని ఆ మనిషి చేతుల్నే చూస్తూ కూర్చుంది. ఏ మీట నొక్కితే మొదలవుతుందో, ఏది తిప్పితే ఆగుతుందో రెండేసిసార్లు అడిగింది.

అన్నీ అయ్యాక ఆమెకి తట్టింది. ఆ సందులోకి తెరుచుకునే కిటికీ ఇంట్లో ఒక్కటే. అది తన గదిది.

"నా గది పక్కనే ఎందుకురా?"

"ఎక్కడో ఓ దగ్గర పెట్టాలి కదే అమ్మా. కిటికీ వేసుకుంటే మోత రాదు."

 మోత పడలేక నానే ఎల్లిపోతానంటానని కోడలు ఎత్తు వేసిందని జోగమ్మ మనసులో అనేసుకుంది.

మోత అనుకున్నంత లేదు. కానీ వేరేది మొదలైంది. కరెంటు పోయిన మధ్యాహ్నాలు తలుపేసుకుని, ఉక్కకి కిటికీ ఓరగా తీసి నడుం వాలిస్తే లేచేసరికి కణతలు పగిలిపోయేవి. కడుపులో తిప్పేది. ఓసారి లేచి నించుంటే కాళ్లు తనవి కానట్టు తేలిపోయాయి. సాయంత్రం వీధి అరుగు మీద కూర్చుంటే మెల్లగా తేరుకునేది. కొడుక్కి చెప్తే ఎండ దెబ్బ అన్నాడు. కోడలికి చెప్తే మాత్ర ఇచ్చింది. ఇస్తూ ఒక్క క్షణం తన మొహంలోకి తేరిపార చూసింది. ఆ చూపు జోగమ్మ మర్చిపోలేదు.

కూర్చుని ఆలోచించింది. కరెంటు ఉన్న రోజు బాగుంటున్నాను. పోయిన రోజే ఇలా అవుతోంది. కరెంటు పోయిన రోజు కోడలు ప్రత్యేకంగా చేసేదేమిటి? పని మొదలెట్టుకునే ముందు, అత్తయ్యా చలవ చేస్తుందండీ అంటూ గ్లాసెడు మజ్జిగ తెచ్చిస్తుంది.

 ఏదో ఊళ్లో కోడలు అత్తకి మందు పెట్టిందని పక్కింటి గురువమ్మ ఎప్పుడో చెప్పిన కథ గుర్తొచ్చింది. తరువాత కరెంటు పోయినప్పుడు మజ్జిగ తీసుకుని, కోడలు వెనక్కి తిరగ్గానే బాత్రూంలో పారబోసి, ఖాళీ గ్లాసు గుమ్మంలో పెట్టి పడుకుంది. అయినా లేచేసరికి తల దిమ్ముగానే ఉంది. అయితే కూరలో కలుపుతోంది, అనుకుంది. మర్నాడూ కరెంటు పోయింది; కోడలు తిన్న గిన్నెలోంచే వడ్డించుకుంది. దాంతోనూ లాభం లేకపోయింది.

"గురువమ్మా, నా కోడలు నన్నేటో సేత్తంది," అని అరుగు మీద మెల్లగా చెప్పింది.

"ఊరుకో వొదినా. ఆ గుంట అలాంటిది కాదు," అంది గురువమ్మ. అంటూనే కొంచెం దగ్గరగా జరిగింది.

ఇక కళ్లారా చూసి తేల్చుకోవాలనుకుంది జోగమ్మ. ఆ వారమే ఓ మధ్యాహ్నం భోజనాలయ్యాక కరెంటు పోయింది. సాయిశంకర్ డ్యూటీలో ఉన్నాడు. ధనశ్రీ జనరేటర్ వేసింది.

"నానలా గురువమ్మ ఇంటికెల్లొత్తాను," అని కోడలికి వినబడేట్టు చెప్పి గేటు చప్పుడు చేసి మూసింది. లోపలి వైపు నుంచే మూసింది. వసారాలో స్తంభం చాటున నిలబడి ముందు గది కిటికీలోంచి చూడసాగింది.

ధనశ్రీ వంటింట్లోకి వెళ్లలేదు. కంప్యూటరు చంకలో పెట్టుకుని, చెవులకి ఫోను తగిలించుకుని తిన్నగా జోగమ్మ గదిలోకి వెళ్లింది. తలుపేసుకుంది.

నా పెట్టె, అనుకుంది జోగమ్మ. నగలు దాచుకునే పెట్టె కాదది, చీరలూ ఆయన ఫొటోలూ తప్ప ఏమీ లేవు, అయినా కొంగు బిగించి దోపుకుంది. వెంటనే వెళ్తే ఏదో ఒకటి చెప్పి తప్పించుకుంటుంది. పెట్టె తెరిచే టైము ఇచ్చి పట్టుకోవాలి. నిలబడింది. మొదట తలుపు వెనకనుంచి ఇంగ్లీషు మాటలు వినబడ్డాయి. కాసేపటికి అవీ ఆగిపోయాయి. ఎండ వసారా మెట్లెక్కి కాళ్ల మీదికొచ్చేదాకా ఆగి, అప్పుడు వెళ్లి తలుపు తోసింది.

పెట్టె మూసే ఉంది. ధనశ్రీ మంచం మీద పక్కకి ఒరిగిపోయి ఉంది. కంప్యూటరు ఒళ్లోంచి జారి పరుపు మీద పడింది. చెవి ఫోనులోంచి ఎవరో సన్నగా పిలుస్తూనే ఉన్నారు.

"ధనా." పలకలేదు. బుగ్గ తడితే కళ్లు సగం తెరిచి మళ్లీ మూసింది. ఏదో అనబోయి వాంతి చేసుకుంది.

ఆ గదిలో నిలబడ్డ కాసేపటికే జోగమ్మకి కణతల దగ్గర తెలిసిన నొప్పి లేచింది. మజ్జిగ లేదు, కూర లేదు. తనని పడేసిందే ఈ పిల్లనీ పడేసింది. కిటికీ అవతల మిషను చప్పుడు సమంగా వస్తోంది.

ఆమె ఇక ఆలోచించలేదు. కోడలి చంకల కింద చేతులేసి ఈడ్చింది. తన ఒంట్లో అంత బలం ఉందని ఆమెకే తెలీదు. గడప దగ్గర పట్టు జారితే తల నేలకి తగలకుండా మోకాలు అడ్డం పెట్టింది. వసారాలోకి లాక్కొచ్చి పడుకోబెట్టి గురువమ్మని కేకేసింది. చీరకొంగు ముక్కుకి అడ్డంపెట్టుకుని సందులోకి వెళ్లి, ఆ రోజు చూసిపెట్టుకున్న మీట తిప్పింది. మిషను దగ్గి ఆగిపోయింది.

వీధివాళ్లంతా చేరి ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లారు. డాక్టరు ధనశ్రీకి ఆక్సిజన్ పెట్టించాడు. పరవాడ నుంచి పరుగెత్తుకొచ్చిన సాయిశంకర్‌ని కూర్చోబెట్టి అడిగాడు, జనరేటర్ ఎక్కడ పెట్టారని. చెప్పాక తల అడ్డంగా ఊపాడు.

"పెట్రోలు పొగలో ఒక గ్యాసు ఉంటుంది. దానికి రంగూ వాసనా ఉండవు. సందులో పెట్టి పైన రేకేశారు, అది ఎటు పోతుంది? కిటికీలోంచి గదిలోకే వస్తుంది. ఇంకాసేపుంటే మనిషి దక్కేది కాదు. పెద్దావిడకి ఇన్నాళ్లూ తలనొప్పి అందుకే."

సాయిశంకర్ తల్లి వైపు చూడలేకపోయాడు. "నువ్వు సెప్తానే ఉన్నావమ్మా. నేనే ఇనుకోలేదు," అన్నాడు.

సాయంత్రానికి ధనశ్రీ తెలివొచ్చి మాట్లాడింది. జోగమ్మ ఆమె మంచం పక్కన స్టూలు మీద కూర్చుంది.

"నా గదిలోకి ఎందుకెల్లినావ్?"

ధనశ్రీ కప్పు వైపు చూస్తూ చెప్పింది. "మీరు నాటకం ఆడుతున్నారనుకున్నానండీ. మిషను ఇష్టంలేక తలనొప్పంటున్నారని. ఆ గదిలో కూర్చుని పని చేసి, నాకేమీ కాలేదు చూడమని ఆయనకి చెబుదామని వెళ్లాను."

జోగమ్మ కొంగు సర్దుకుంది. చెప్పకుండా ఊరుకోవచ్చు. ఎవరూ అడగలేదు.

"నాను నువ్వు మజ్జిగలో మందు కలుపుతన్నావనుకున్నాను."

ధనశ్రీ నవ్వలేదు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. మొహం గోడ వైపు తిప్పుకుంది. జోగమ్మ మాత్రం లేచి వెళ్లలేదు. నర్సు వచ్చి చూడ్డానికొచ్చేవాళ్ల టైము అయిపోయిందని చెప్పినా కదల్లేదు.

మిషనుని గేటు దగ్గర ఆరుబయటికి, కిటికీలన్నిటికీ దూరంగా మార్పించారు. ఇనప చట్రం కట్టి తాళం వేశారు. ఎదురింటాయన మోత గురించి అడగడానికొస్తే జోగమ్మే గేటు దగ్గరికెళ్లి జరిగింది చెప్పింది. ఆయన తల ఊపి వెనక్కి వెళ్లిపోయాడు. ధనశ్రీ ఇంటికొచ్చాక చాలా రోజులు అత్తతో అవసరానికి మించి మాట్లాడలేదు. జోగమ్మ కూడా బతిమాలలేదు.

తరువాత కరెంటు పోయిన రోజు సాయిశంకర్ జనరేటర్ వేశాడు. జోగమ్మ తన గదిలోకి వెళ్లి, కిటికీ రెక్కలు వేసే ఉన్నా, నిమిషం కూడా ఉండలేక బయటికొచ్చేసింది. చాప చంకన పెట్టుకుని కోడలి గది గుమ్మంలో నిలబడింది. ధనశ్రీ మాట్లాడుతూనే వెనక్కి తిరిగి చూసింది. చెవి ఫోను తియ్యకుండానే కుర్చీని బల్లకేసి జరుపుకుని, నేల మీదున్న వైర్లు కాలితో పక్కకి నెట్టి, చాప పరవడానికి చోటిచ్చింది.