కాచి చూసిన బోర్డు

పాత వంతెనను నది మింగేసిన వరద ఉంది కదా, ఆ వరద పోయిన మూడో ఏడు ఇది.

ఆ రోజు పొద్దున బ్రేకు తన బావను మంచం మీంచి కుర్చీలోకి ఎత్తుతున్నాడు. చంకల కింద చేతులు పెట్టి, ఒకసారి బరువు చూసుకుని, పట్టు మళ్ళీ సర్దుకుని, అప్పుడు లేపాడు. రోజూ ఎత్తే మనిషే. అయినా రోజూ అలాగే బరువు చూసుకుంటాడు. బావకు మోకాళ్ళ కింద కాళ్ళు లేవు. షుగరు జబ్బు మొదట ఒక వేలు అడిగింది, తర్వాత పాదం అడిగింది, ఆ తర్వాత అడగడం మానేసి పట్టుకుపోయింది.

"ఎత్తరా, ఎత్తు. నేనేమన్నా గాజు సామానా?"

"జారతావు బావా."

"జారితే కింద పడతా. కింద ఉన్నది నేలేగా, నుయ్యి కాదుగా!"

అక్క వంటింట్లోంచి, "పొద్దున్నే మొదలెట్టారూ?" అంది. ఆ మాటలో కోపం లేదు. ఆ ఇంట్లో తెల్లవారిందనడానికి అదే గుర్తు.

బ్రేకుకూ అందరికీ ఉన్నట్టే అసలు పేరు ఒకటి ఉంది. కానీ బావ పెట్టిందే నిలిచిపోయింది. బావ జీవితమంతా బస్సు నడిపినవాడు. "బండికి బ్రేకెంత అవసరమో ఇంటికి మా బావమరిది అంత అవసరం. కాకపోతే వీడు ఎప్పుడూ వేసే ఉంటాడు," అని ఎవరితోనో అన్నాడట. అంతే, ఇంటా బయటా బ్రేకే అయిపోయాడు.

పేరుకు తగ్గ మనిషే. కుర్చీని ఒకసారి ఊపి చూడకుండా కూర్చోడు. తాళం వేశాక లాగి చూస్తాడు, నాలుగడుగులు వేసి వెనక్కొచ్చి మళ్ళీ లాగి చూస్తాడు. పాలకు నోరు కాలినవాడు మజ్జిగ ఊదుకుంటాడంటారు. ఇతను ఏమీ కాలకుండానే ఊదుకునే రకం. వయసులో ఉన్నప్పుడు కుట్టుపని చేసే ఒకామె తనంతట తానే, మనిద్దరం ఒక ఇంటివాళ్ళమవుదామా అని అడిగింది. ఆలోచించుకుని చెప్తానన్నాడు. అతని ఆలోచన తెమిలేసరికి ఆమె రెండో పిల్లవాడు బడికి పోతున్నాడు. అతను అక్కా బావల దగ్గరే ఉండిపోయాడు.

బావ కుర్చీ ముందు ఒక బల్ల ఉంది. బల్లకు స్టీరింగు చక్రం బిగించి ఉంది. కాళ్ళతో తొక్కే పని లేకుండా చక్రం పక్కన రెండు చేతి లివర్లు ఉన్నాయి, పాత సైకిలు బ్రేకు పిడులు కోసి బావమరిది చేసిపెట్టినవి. ఎదురుగా తెర. వారం రోజులుగా ఆ తెర నల్లగా ఉంది. బావ మాత్రం రోజూ దాని ఎదురుగానే కూర్చుంటున్నాడు.

కంప్యూటర్లో బస్సు నడిపే ఆట ఒకటి ఉంటుంది. ఎక్కడో ఉండే ఒక కుర్రవాడు పాత ఫోటోలు పోగుచేసి, వరదకు ముందున్న రోడ్డును ఉన్నదున్నట్టు ఆ ఆటలోకి దింపాడు. అది బావ నడిపిన రూటే. ఆ కుర్రవాడి జాడ తెలుసుకుని, మలుపు ఎక్కడ, మైలురాయి ఎక్కడ, టీ కొట్టు రోడ్డుకు ఎంత దూరం అని రోజులకు రోజులు ఫోన్లో చెప్పి దిద్దించింది బావే. ఆ ఆటలో వంతెన ఇంకా నిలబడే ఉంది. దాన్ని దాటి అవతలి గట్టున బస్సు ఆపాలి. బావ కోరిక అంతే, అంతకు మించి ఇంకేమీ లేదు. గుండె బాగా అలిసిపోయిందని డాక్టరు చెప్పాడు. ఎన్నాళ్ళని అక్క అడిగితే, అడక్కమ్మా అన్నాడు.

చిక్కేమిటంటే, వంతెన దగ్గరికి వచ్చి నది కనిపించగానే కంప్యూటరు ముక్కి మూలిగి ఆగిపోయేది. అన్ని నీళ్ళు చూపించడం దానికి మోయలేని బరువు. అప్పుడు బావ లోపలి సెట్టింగుల్లోకి పోయి ప్రాసెసరు వేగం పెంచాడు. "కంపెనీవాడు ఏ బండికైనా వేగం కట్టేసి పంపుతాడు. ఆ కట్టు విప్పినవాడే డ్రైవరు," అనేవాడు. ఓవర్‌క్లాకింగ్ అని దానికి షాపుల్లో పెద్ద పేరుంది. ఇంకొంచెం, ఇంకొంచెం అని పెంచుకుంటూ పోయాడు. ప్రాసెసరు ఓర్చుకుంది. దాని కింది మదర్‌బోర్డు ఓర్చుకోలేదు. వారం కింద, వంతెన పిట్టగోడ కనిపించినంత సేపు కనిపించి, మాడిన బాణలి వాసనతో తెర ఆరిపోయింది.

"కొత్త బోర్డు ఇవాళ తెస్తావా?" అన్నాడు బావ.

"చూస్తా."

"చూడ్డం కాదురా, తేవాలి."

బ్రేకు ప్లాస్టిక్ డబ్బీలో, స్పాంజి ముక్క మీద పెట్టిన ఆ ప్రాసెసరును చొక్కా జేబులో వేసుకున్నాడు. జేబు తడిమి చూసుకున్నాడు. వీధి చివర మళ్ళీ తడిమి చూసుకున్నాడు.

కంప్యూటర్లు బిగించి ఇచ్చే షాపులో అతను తలనెరిసినప్పటి నుంచీ పనిచేస్తున్నాడు. వెనక గదిలో అతని బల్ల. బల్ల మీద రబ్బరు పరుపు, దాని మీద ఏళ్ళ తరబడి పడిన టంకం చుక్కలు, పక్కనే మూత పగిలిన స్పిరిటు సీసా. షాపు ఓనరు వయసులో చిన్నవాడు, నోరు మాత్రం పెద్దది. ఆ ప్రాసెసరుకు సరిపడే బోర్డులు షాపులో మూడు రకాలుంటే, మూడూ తెచ్చి బల్ల మీద పెట్టాడు.

మొదటిది రంగురంగుల లైట్లతో పండక్కి ముస్తాబైన పిల్లలా ఉంది. బ్రేకు దాన్ని తిరగేసి చూసి పక్కన పెట్టాడు. రెండోది తేలిక. అంచు మీద బొటనవేలితో నొక్కితే అప్పడంలా వంగింది. మూడోది నల్లగా, ఏ సోకూ లేకుండా ఉంది. దాన్ని అరచేతిలో పెట్టుకుని తూచాడు. బరువుగా ఉంది. ప్రాసెసరుకు కరెంటు సర్ది పంపే చిప్పులు ఒక పక్కన వరసగా ఉంటాయి. వేగం పెంచితే ముందు కాగేది అవే. మూడో బోర్డులో ఆ వరస మీద మందపాటి ఇనప దిమ్మల్లాంటివి కూర్చోబెట్టి ఉన్నాయి, వేడిని లాగడానికి. గోరుతో కదిపి చూశాడు. కదల్లేదు. భూతద్దం పెట్టి టంకం చూశాడు. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన కూడా చూశాడు.

"అన్నా, బోర్డు కొంటున్నావా, పిల్లనిస్తున్నావా?" అన్నాడు ఓనరు.

"ఇది."

"పొద్దుట్నించి నీ నోట్లోంచి ఊడిన మొదటి ముత్యం. సరే, పట్టుకుపో. మధ్యాహ్నం బిగించేసి సాయంత్రానికి వచ్చెయ్. మీ బావ ఎదురుచూస్తుంటాడు."

"కాచాలి."

ఓనరు నెత్తి కొట్టుకున్నాడు. అది ఆ షాపులో అందరికీ తెలిసిన సంగతే. బ్రేకు చేతి మీదుగా పోయే ఏ బోర్డునైనా బల్ల మీద బిగించి, మోయగలిగినంత లెక్కల పని దాని నెత్తిన పెట్టి, ఒక పగలూ ఒక రాత్రీ ఆపకుండా నడిపిస్తాడు. దాన్ని కాచడం అంటాడు. కాచి చూడని బోర్డు ఇంతవరకూ ఎవరికీ ఇవ్వలేదు. ముఖ్యమంత్రి వచ్చి అడిగినా ఇవ్వడని ఓనరు అందరికీ చెప్తుంటాడు, కొంచెం విసుగ్గా, కొంచెం గొప్పగా.

"అన్నా, ఇది కొత్త బోర్డు. మంచి బోర్డు. నువ్వే ఏరావు. ఆయన ఆడుకోవడానికే కదా, కాలితే ఇంకోటి ఇద్దాం."

బ్రేకు అప్పటికే డబ్బీ తెరిచి ప్రాసెసరును చోట్లో కూర్చోబెడుతున్నాడు. వేడి లాగే మందు రాసి, ఫ్యాను బిగించి, బావ పెట్టిన వేగమే పెట్టి నడిపించాడు. ఫ్యాను గీ పెట్టింది. బోర్డు దగ్గర చెయ్యి పెట్టి చూశాడు. గోరువెచ్చగా ఉంది. కుర్చీ ఊపి చూసుకుని కూర్చున్నాడు.

ఎండ కిటికీ దిగుతుండగా ఫోను మోగింది. బావ.

"ఒరే బ్రేకూ, దొరికిందా?"

"దొరికింది బావా. మంచిది."

"మరి బయల్దేరు."

"కాస్తున్నా. రేపు పొద్దున తెస్తా."

అవతల ఊపిరి వినిపించింది, మెట్లు ఎక్కొచ్చినవాడి ఊపిరిలా.

"కాలితే కాలనీరా. వంతెన దాటాక కాలనీ."

"మళ్ళీ మధ్యలో ఆగితే?"

"నువ్వు బస్సు డ్రైవరువైతే నా బస్సెక్కిన జనం ఇంకా స్టాండులోనే ఉండేవాళ్ళురా," అని బావ నవ్వాడు. నవ్వు దగ్గులోకి తిరిగింది. దగ్గు తగ్గాక బోర్డు గురించి ఒకటి రెండు అడిగి ఫోను పెట్టేశాడు.

బ్రేకు ఫోను చేతిలో పట్టుకుని నడుస్తున్న బోర్డునే చూస్తూ నిలబడ్డాడు. ఆపేసే మీట మీదికి వేలు పోయింది. ఒకవేళ ఇది కూడా ఆ పిట్టగోడ దగ్గరే ఆగిపోతే? ఆరిపోయిన తెరలో బావ మొహం కనిపించిన రోజు అతను పక్కనే ఉన్నాడు. అది ఇంకోసారి చూడలేడు. వేలు వెనక్కి తీసుకున్నాడు. ఒక్క రాత్రేగా, అనుకున్నాడు.

పొద్దు వాలుతుండగా బల్ల దగ్గర పని ఆపి, "దీన్ని ఎవరూ ముట్టుకోవద్దు," అని ఓనరుతో చెప్పి ఇంటికి బయల్దేరాడు.

బావ కుర్చీలోనే ఉన్నాడు. మొహం తోమి పెట్టిన ఇత్తడి గిన్నెలా తేటగా ఉంది. బ్రేకు ఖాళీ చేతులు చూసి, "ఏం తెచ్చావు? రేపా?" అన్నాడు.

"రేపు కచ్చితంగా బావా. అది నడుస్తూనే ఉంది. బాగుంది."

"బాగుంటుందిలే. నువ్వు ఏరింది కదా." ఇందులో వెటకారం లేదు. బ్రేకుకు అదే ఇబ్బందిగా తోచింది. తిట్టి ఉంటే బాగుండేది.

బావ చక్రం మీద చేతులు పెట్టుకున్నాడు. "వంతెన ఎక్కే ముందు ఎడమ పక్కన ఒక గతుకుంది. అక్కడ గేరు తగ్గించకపోతే వెనక సీటువాళ్ళు నా ఏడు తరాలూ కడిగేసేవాళ్ళు. ఆ గతుకు కూడా పెట్టాడురా ఆ కుర్రాడు. పెట్టించా. గతుకు లేకపోతే అది రోడ్డే కాదు." కొంచెం ఆగాడు. "నీళ్ళివ్వరా. గొంతు ఎండుతోంది."

బ్రేకు వంటింట్లోకి వెళ్ళాడు. అక్క కాచిన నీళ్ళు గ్లాసులో పోసి ఇచ్చింది. పొగలు వస్తున్నాయి. నోరు కాలుతుందని ఇంకో గ్లాసు తీసుకుని అటూ ఇటూ తిరగబోశాడు. వేలు ముంచి చూశాడు. ఇంకోసారి తిరగబోశాడు.

తిరిగి వచ్చేసరికి బావ తల కొంచెం పక్కకు వాలి ఉంది, మలుపు దగ్గర అద్దంలోకి చూస్తున్నవాడిలా. చేతులు చక్రం మీదే ఉన్నాయి.

"బావా, నీళ్ళు."

గ్లాసు బల్ల మీద పెట్టాడు. అంచుకు ఉందని కొంచెం లోపలికి జరిపాడు. ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూశాడు. చెయ్యి తీసి మళ్ళీ పెట్టాడు. మూడోసారి కూడా పెట్టాడు. అప్పుడు, "అక్కా, ఒకసారి ఇటు రా," అన్నాడు. గట్టిగా అనలేదు.

మర్నాడు పొద్దున జనం రావడం మొదలైంది. గదిలో చోటు చెయ్యాలన్నారు. బ్రేకు బల్లకున్న చక్రం విప్పుతుంటే ఫోను మోగింది. ఓనరు. అతనికి ఇంకా తెలియదు.

"అన్నా, నీ బోర్డు బంగారం! రాత్రంతా నడిచింది, ఒక్కసారి తడబడితే ఒట్టు. ఆపెయ్యమంటావా? ఎప్పుడొస్తున్నావు?"

"ఉండనీ," అన్నాడు బ్రేకు.

"ఇంకా కాస్తావా?"

"నడవనీ."

బల్ల కింద కంప్యూటరు డబ్బా ఉంది. దుమ్ము పడకుండా దాని మీద తువ్వాలు కప్పి ఉంది. పక్క గదిలోకి తీసుకుపోదామని రెండు చేతులా ఎత్తితే తువ్వాలు జారిపోయింది. పక్క రేకు తీసే ఉంది. లోపల గోడకు, బోర్డును నిలబెట్టే ఇత్తడి బుడిపెలు కొత్త బోర్డు కొలతకు బిగించి ఉన్నాయి. పాత బోర్డు చిన్నది, దాని బుడిపెలు వేరే చోట ఉండాలి. బ్రేకు వాటిని కదిలించనే లేదు.

అక్క తలుపు దగ్గర నిలబడి చూస్తోంది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది.

"ఆయనే. నీకు ఫోను చేశాక డబ్బా ఒళ్ళో పెట్టమన్నారు. పెద్ద సైజు బోర్డని నువ్వు చెప్పావటగా. నేను లైటు పట్టుకున్నా. ఆయన చేతులు వణుకుతున్నాయి, వద్దండీ అంటే వింటేనా? వాడు పొద్దున వచ్చాక ఈ బుడిపెలు ఊపి ఊపి చూస్తూ కూర్చుంటాడు, ఆ టైమన్నా కలిసొస్తుందన్నారు."

బ్రేకు డబ్బాను కిటికీ పక్కన నేల మీద పెట్టి, దాని ముందు కూర్చున్నాడు. లోపలికి చెయ్యి పెట్టలేదు, ఏదీ కదిపి చూడలేదు. బయట ఎవరో అతన్ని పిలిచారు. లేచి వెళ్ళాడు.

ఖాళీ డబ్బాలో ఇత్తడి బుడిపెలు బోర్డు కోసం వరసగా నిలబడి ఉన్నాయి, మూలనున్న ఒక్కటి మాత్రం మర సరిగ్గా ఎక్కక కొంచెం పక్కకు ఒరిగి ఉంది.