గార్డుకు కట్టిన పసుపు దారం

వరంగల్‌లో నా అంత జాగ్రత్తపరుడు ఇంకొకడు పుట్టలేదు. కాశిబుగ్గలో నేను నడిపే మరమగ్గం దగ్గర కాకతీయుల కాలం నుంచీ ఒక్క ప్రమాదం కూడా జరగలేదు. మొన్న మంగళవారం పొద్దున ఈ సంగతే పక్క మగ్గం రాయమల్లు మామకు వివరిస్తుండగా, నా మగ్గంలోంచి షటిల్ ఎగిరొచ్చి ఆయన నుదుటికి తగిలింది.

మామ నిలబడ్డచోటే కూలబడ్డాడు. ఆటోలో వేసి దవాఖానకు తీసుకుపోయారు. ఇరవై నాలుగు మగ్గాలూ ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దంలో నా గుండె చప్పుడు సుబేదారి దాకా వినిపించే ఉంటుంది.

పడుగు పోగుల మధ్య అటూ ఇటూ నూలు మోసుకు పరిగెత్తే ఆ షటిల్ బయటికి దూకకుండా మగ్గానికి అడ్డంగా ఒక ఇనుప కడ్డీ ఉంటుంది. దాన్ని గార్డు అంటాం. నా మగ్గానికి ఆ గార్డు పైకెత్తి, పసుపు దారంతో కట్టేసి ఉంది.

సేటు రమాకాంత్ నేరుగా మేస్త్రి కట్టయ్య మీదికి పోయాడు.

"గార్డులు చూసుడు నీ పని గాదా? రేపటి సంది రాకు."

కట్టయ్య పెదబాపు ముప్ఫై రెండేళ్లుగా ఆ షెడ్డులో మగ్గాలు బాగుచేస్తున్నాడు. నాది ఎడమచేతి వాటమని విసుక్కోకుండా, ఆ చేత్తోనే పోగు ముడి వేయడం నేర్పినవాడు. భుజం మీది తువ్వాల తీసి చేతిలో పట్టుకుని ఊరికే నిలబడ్డాడు. నేను నా చెప్పులు చూసుకున్నాను.

మధ్యాహ్నం మా బట్ట కొనే కంపెనీ నుంచి వినోద మేడమ్ వచ్చింది. ప్రమాదం జరిగితే దాని వేరు దాకా తవ్వడం ఆమె ఉద్యోగం.

"ఎవరిని పంపాలన్నది తర్వాత, రమాకాంత్ గారూ. ముందు ఎందుకైందో చూద్దాం. షటిల్ ఎందుకు ఎగిరింది?"

"పోగులు చిక్కుపడ్డయ్ మేడమ్," అన్నాను.

"చిక్కు రోజూ పడుతుంది. షటిల్ బయటికెందుకొచ్చింది?"

"గార్డు పైకున్నది."

"ఎందుకున్నది?"

"దారంతోని కట్టి ఉన్నది గద," అన్నాడు పెదబాపు.

"మరెందుకు ఇప్పలేదు?"

పెదబాపు ఆమెను వింతగా చూశాడు. "అది పాలకుర్తి గుట్ట మీద పూజ చేయించిన దారమట బిడ్డా. దానంతట అది తెగాలె గని, మనం ఇప్పుతమా?"

నిజమే. పది రోజులుగా ఆయన ఆ దారాన్ని కళ్లకద్దుకుని గాని పని మొదలుపెట్టడం లేదు. పైగా గార్డు అడ్డం లేకపోతే తెగిన పోగు అతకడం సులువు. అందుకని మేమెవ్వరం నోరెత్తలేదు.

"సరే. గార్డు లేచి ఉంటే మగ్గం ఎందుకు నడిచింది?"

ఈసారి సేటు గొంతు తగ్గించాడు. "ఆపే స్విచ్చి లేదు మేడమ్."

"అదీ సంగతి. గార్డు ఎత్తితే మగ్గం ఆగిపోయేటట్టు అన్నిటికీ స్విచ్చి పెట్టించండి. ఈయన్ని పంపేసి ఇంకొకరిని తెచ్చుకుంటే, ఆ వచ్చినాయన కూడా ఆ దారానికే దండం పెడతాడు."

అంతలో సేటు ఫోన్ మోగింది. విని, గోడకు ఆనుకున్నాడు.

"రాయమల్లుకు స్కానింగ్‌ల ఏం లేదట! బొప్పి కట్టిందంతే. చాయ్ అడుగుతాండట!"

షెడ్డంతా ఒక్కసారి ఊపిరి వదిలింది. ఆ గాలికి పైకప్పు రేకులు జానెడు లేచాయి. ఎవరూ చూడలేదు, నేను చూశాను. సేటు పెదబాపు దగ్గరికి పోయి, "కట్టయ్యా, రేపు పొద్దుగాల జల్ది రా. స్విచ్చులు పెట్టాలె," అన్నాడు. పెదబాపు తువ్వాల మళ్లీ భుజానికెక్కింది.

నేను మెల్లగా గుమ్మం వైపు జరిగాను.

పెదబాపు మగ్గం దగ్గరికొచ్చి, "తప్పయితే క్షమించు స్వామీ," అని దండం పెట్టి దారం ముడి మీద చెయ్యి వేశాడు. చెయ్యి ఆగింది. దారాన్ని వేళ్ల మధ్య నలిపి, కళ్ల దగ్గర పెట్టుకున్నాడు.

"భానూ, ఇటు రా. ఇది మన షెడ్డు నూలే గదరా?"

"మన నూలు పాలకుర్తి దాకా పోతది పెదబాపూ."

"ముడి గూడ మనదే. ఎడమచేతిది."

"గుట్ట మీద ఎడమచేతి పంతులు ఉన్నడేమో."

ఆయన నవ్వలేదు. షెడ్డులో ఎడమచేతి మనిషిని నేనొక్కణ్ణే.

"నేనే కట్టిన పెదబాపూ. మా అమ్మ పసుపు డబ్బల ముంచి తెచ్చిన. పాలకుర్తి దారమని పుకారు లేపింది గూడ నేనే. నువ్వు దండం పెడ్తవా లేదా అని చూద్దామనుకున్న. తెల్లారి చెప్దామంటే నువ్వు కళ్లకద్దుకుంటివి, నోరు రాలే. పొద్దుగాల సేటు నిన్ను పొమ్మన్నప్పుడు గూడ రాలే. ఎవలనన్న పంపాల్నంటే నన్ను పంపుమను."