ఎత్తి తాగిన లోటా

“సీసాలు ఐసు తొట్టిలో వేసి గది మధ్యలో పెట్టేయప్పా. కావాల్సినోళ్లు తీసుకుంటారు. దాంట్లో ఏముండాది?” అన్నాడు గిరిప్రసాద్.

ఆయన పెళ్లికొడుకు మేనమామ. పెళ్లికూతురు స్నేహ రిసెప్షన్‌కి మగపెళ్లివారు కోరింది ఒక్కటే. వేలూరు మండపంలో, మేడమీద తమ విడిది గదిలో బీరు ఉండాలి. స్నేహ అన్న దీపన్ కాదనలేకపోయాడు. తెల్లారితే చెల్లెలి మెడలో తాళి పడాలి.

“సీసాలు వద్దు మామా. మేనేజరు చూసినాడంటే కరెంటు పీకేస్తాడు.”

అది సగం నిజమే. మిగతా సగం కింద గుమ్మం దగ్గర అతిథుల మీద పన్నీరు చల్లుతోంది. అతని నాన్న, గుణశేఖరం.

గుడియాత్తం బజారులో లుంగీల కొట్టు నడిపే గుణశేఖరం తాగుడు మానేసి ఏడాది దాటింది. తనంతట తాను మానలేదు. డాక్టరు రాసిన మాత్రను భార్య అలమేలుమంగ రోజూ పొద్దున్నే కళ్లెదుట నిలబడి మింగిస్తుంది. ఇవాళ పెళ్లి హడావిడిలోనూ మింగించింది. ‘ఈ మాత్ర ఒంట్లో ఉండగా తాగితే ప్రాణానికే ముప్పు’ అని డాక్టరు గట్టిగా చెప్పి పంపాడు. ఈ సంగతి సంబంధులకు, అంటే మగపెళ్లివారికి, తెలియదు.

సీసా కంటపడితే నాన్న మనసు లాగుతుందేమోనన్నదే దీపన్ భయం. అందుకే ఉపాయం పన్నాడు. ఇక్కడి పెళ్లి విందుల్లో జీలకర్ర వేసి కాచిన నీళ్లు పోస్తారు. కుళాయి ఉన్న స్టీలు డ్రమ్ము, పక్కనే స్టీలు లోటాలు. రంగూ ఇంచుమించు బీరు రంగే. అలాంటి డ్రమ్మే ఇంకోటి తెప్పించి చల్లటి బీరు నింపించాడు. వాసన తెలియకుండా గదినిండా సాంబ్రాణి వేయించాడు.

గిరిప్రసాద్ ఒక లోటా పట్టి రుచి చూశాడు. “సూపరప్పా! పోలీసోళ్లు వచ్చినా జీలకర్ర నీళ్లనుకుని ఒక లోటా తాగి పోతారు!”

గదంతా గొల్లుమంది. దీపన్ కూడా నవ్వి, కిందికి దిగాడు.

వేదిక దగ్గర బంధువులను ఫొటోలకు పంపుతుంటే తల్లి వచ్చి చెయ్యి పట్టుకుంది.

“మీ నాయన యాడ?”

“వాకిట్లోనే ఉండాడు కదమ్మా.”

“లేడు. ఆకులు వేసేసినారు కదా, సంబంధులను భోజనానికి పిలవను మేడమీదికి పోయినాడు. ఆడపిల్ల తండ్రి పోయి పిలిస్తేనే కదా వాళ్లు దిగి వచ్చేది?”

దీపన్ అన్నీ ఆలోచించాడు. ఈ ఒక్క మర్యాద మరిచిపోయాడు.

జనాన్ని తోసుకుంటూ మెట్ల మీద పరుగెత్తాడు. గది తలుపు తెరిచే ఉంది. సాంబ్రాణి పొగలో, డ్రమ్ము పక్కన గుణశేఖరం. మెట్లెక్కిన ఆయాసంతో ఎగిసిపడుతున్న ఛాతీ. చేతిలో నిండు లోటా. గిరిప్రసాద్, ఆయన మనుషులు ఒకరినొకరు చూసుకుంటూ నవ్వు ఆపుకుంటున్నారు.

“నాయనా!”

అప్పటికే ధార మొదలైంది. వాళ్లింట్లో లోటాకు పెదవి తగిలించి ఎవరూ తాగరు. ఎంగిలి. తల వెనక్కి వాల్చి, జానెడు ఎత్తు నుంచి నేరుగా గొంతులోకి వదులుతారు. వాసన ముక్కుదాకా రాదు. గుణశేఖరం కంఠం పైకీ కిందికీ కదులుతోంది. దీపన్ వెళ్లి లోటా లాక్కునేసరికి అందులో చుక్క లేదు.

“ఎందుకప్పా ఆ కంగారు?” గిరిప్రసాద్ పగలబడి నవ్వాడు. “బావకు కూడా ఒక లోటా బీరు పడనీ!”

“మా నాయన తాగుడు మాన్పించే మాత్ర మింగుతాడు మామా! ఇది తాగితే చచ్చిపోతాడు!”

ఇన్నాళ్లూ దాచిన మాట గదంతా మోగింది. నవ్వులు టక్కున తెగిపోయాయి. గిరిప్రసాద్ మొహంలో నెత్తురు లేదు. మరుక్షణం ఆయనే ముందు కదిలాడు.

“కారు తీయండ్రా!”

ఆసుపత్రి చేరేలోపే గుణశేఖరం మొహం కందగడ్డలా ఎర్రబడింది. పట్టుపంచె మీదే కక్కుకున్నాడు. ఊపిరి అందక కొడుకు చొక్కా పట్టుకు వేలాడాడు. లోపలికి తీసుకెళ్లాక తలుపు మూసేశారు. అది తెరుచుకునేదాకా దీపన్ ఆ తలుపు మీంచి చూపు తిప్పలేదు.

“గండం గడిచింది” అన్నాడు డాక్టరు.

ఆసుపత్రి గది గుమ్మం దగ్గర గిరిప్రసాద్ తల దించుకున్నాడు. “పెళ్లి ఏమీ ఆగదమ్మా. బావను చూసుకోండి” అని, వెనకాలే ఆసుపత్రికి వచ్చిన అలమేలుమంగతో చెప్పి వెళ్లిపోయాడు.

దీపన్ మంచం పక్కన కూలబడ్డాడు. “సీసాలు పెట్టుంటే నువ్వు చూసి వెనక్కి వచ్చేసుందువు. నీకు తెలీకుండా చేసింది నేనే నాయనా.”

గుణశేఖరం కళ్లు తెరిచాడు. “తెలీక కాదురా. మొదటి గుక్కకు తెలీలేదు. రెండో గుక్కకు తెలిసిపోయింది.”

దీపన్ తలెత్తి తండ్రి మొహంలోకి చూశాడు.

“సంబంధులు చూస్తా ఉండారని ఉమ్మలేకపోయినావు. అంతే కదా?” అలమేలుమంగ ఆశగా అడిగింది.

“అట్లే చెప్పాలని అనుకుంటిని.” ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. “అది కాదు మంగా. ఎత్తిన చెయ్యి దిగలేదు.”

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

గుణశేఖరం కొడుకు వేళ్లు తడిమి పట్టుకున్నాడు.

“దాహంగా ఉండాది దీపా. ఉత్త నీళ్లే తే. గాజు గ్లాసులో తే. లోపల ఏముండాదో నాకూ కనబడాల, నీకూ కనబడాల.”