నల్లమచ్చ కింద నాలుగోది

నేను ఒక సెల్లుని. పేరు సెల్లే గానీ ఇంకా చెల్లుతున్నానా అన్నదే నా అనుమానం. తణుకులో కర్రీ పాయింటు నడిపే ఇద్దరు తోడికోడళ్ళకి ఉమ్మడి ఆస్తిని. నా మూలంగా ఆ ఇంట్లో జరిగిన మొదటి గొడవ చింతపండు గొడవ.

ఆ రోజు మిక్సీ గుర్రుమంటుండగా చిన్నకోడలు సత్యవేణి నన్ను చూసి, "అక్కా, ఆదివారం మూడింటికి క్విజ్జంట!" అని కేకేసింది. వసారాలో కూర్చున్న అత్తగారు అచ్చియ్యమ్మకి అసలే చెవుడు. ఆవిడ చెవిలోకి అది "గుజ్జంట" అని దూరింది. ఆదివారం తెల్లారేసరికి ఆవిడ రెండు కిలోల చింతపండు గంగాళంలో నానేసి కూర్చుంది.

"ఇదేంటత్తయ్యా?" అంది పెద్దకోడలు మంగతాయారు.

"మూడింటికి గుజ్జు కావాలన్నారుగా? ఇప్పుడు నానేత్తేనే అందుద్ది. ఎవరింట్లోనే పెళ్ళి?"

"గుజ్జు కాదత్తయ్యా, క్విజ్జు! పరీక్ష!"

"పరీక్షకి పులుసెందుకే?" అంది ఆవిడ.

ఆ వారమంతా మా వీధి వీధంతా పులిహోర తిని పుల్లగా త్రేన్చింది.

నా సంగతి కాస్త చెప్పుకోవాలి. పుట్టింది కర్మాగారంలో, తెల్లటి గదిలో, ముసుగులేసుకున్న అమ్మాయిల చేతుల్లో. అక్కడ నా మీద దుమ్ము పడితే నేరం. ఇక్కడ కరివేపాకు పడితే ఏరి పులుసులో వేస్తారు. మొదట నన్ను కొన్నవాడు స్థలాల బ్రోకరు. లేని రోడ్డు ఉందని, ఉన్న మురుగుకాలవ లేదని రోజుకి యాభైసార్లు నా ద్వారా చెప్పించేవాడు. ఆ అబద్ధాల వేడికి నా బ్యాటరీ ఉబ్బింది. బ్యాటరీ మార్పించి నన్ను వదిలించుకున్నాడు. రిపేరు కొట్టులో మంగతాయారు కంటపడ్డాను. ఈ ఇంటికి వచ్చాకే నిజం మాట ఎలా ఉంటుందో విన్నాను. "ఇయ్యాల వంకాయ బాలేదండి, బెండకాయ పట్టుకెళ్ళండి" అని ఫోనులో చెప్పే వ్యాపారిని అంతకుముందు చూసి ఎరగను.

మంగతాయారు ఇంటర్ పాసయ్యి ఇరవై రెండేళ్ళు. ఆ మార్కుల కాగితం బియ్యం డబ్బా అడుగున దాచుకుంది. ఒకరోజు దాన్ని బయటికి తీసి, దూరవిద్య కేంద్రానికి పోయి డిగ్రీలో చేరింది. "ఒక్కదాన్నే ఎళ్ళాలంటే సిగ్గేత్తందే, నువ్వూ రావే" అని తోడికోడల్నీ లాక్కుపోయింది. దూరవిద్య అంటారు గానీ నా లెక్కన అది జానెడు దూరమే, ఆవిడ ముక్కుకీ నా తెరకీ మధ్య ఉన్నంత.

పాఠ్యాంశం పేరు 'ఆహారం - పోషణ'. ఏసుపాదం మాస్టారు వారానికో పాఠం నాలోకి పంపేవారు. అది చదువుకుని ఆదివారం మూడింటికి పది ప్రశ్నలకి జవాబు పెట్టాలి. ఆ మార్కులు లేకపోతే ఏడాది చివర పరీక్షకి కూర్చోనివ్వరు. వాళ్ళ చదువు చూడాలి! ఒకరు ఆనపకాయ తరుగుతుంటే ఇంకొకరు పైకి చదివేవారు. మాంసకృత్తుల దగ్గరికి వచ్చేసరికి కందిపప్పు కడిగేవారు. పీచుపదార్థం దగ్గర చిక్కుడుకాయ ఈనెలు తీసేవారు. అంత రుచిగా చదివిన చదువు నేనెక్కడా చూడలేదు.

ఇక క్విజ్ వేళ. ఉన్నది నేనొక్కదాన్నే కనక ముందు పెద్దావిడ, తర్వాత చిన్నావిడ. పెద్దావిడ జవాబులు పెడుతూ గొణుక్కుంటుంది, అది ఆవిడ అలవాటు. అది చెవిన పడకూడదని సత్యవేణి పెరట్లోకి పోయి మిక్సీ వేసుకునేది. సత్యవేణి వంతు వచ్చాక పెద్దావిడ వెళ్ళి వేసేది. ఒక్కోసారి జార్‌లో ఏమీ ఉండేది కాదు. ఉత్త మిక్సీయే, నీతి కోసం తిరిగేది.

నా నల్లమచ్చ సంగతి చెప్పడం మరిచాను. డిగ్రీలో చేరడానికి ముందే ఒకసారి మంగతాయారు భుజానికీ చెవికీ మధ్యనుంచి జారి, మరుగుతున్న సాంబారు గిన్నె అంచుకి తగిలి, ఆవిరి మింగి మూర్ఛపోయాను. రెండు రోజులు నన్ను బియ్యంలో పూడ్చిపెట్టారు. లేచేసరికి తెర అడుగున రెండు వేళ్ళ మందాన నల్లటి మచ్చ. "దిష్టిచుక్క అనుకుందాం లెద్దూ" అంది మంగతాయారు. పాఠం చదివేటప్పుడు దానితో చిక్కు లేదు, వేలితో పైకి తోస్తే అక్షరాలు మచ్చలోంచి పైకొస్తాయి. క్విజ్ అలా కాదు. ఒక ప్రశ్నకి ఒక పలక. పక్కకి జరుగుతుంది తప్ప పైకి జరగదు.

ఆరు క్విజ్‌లు అయ్యాక మాస్టారు ఇద్దర్నీ కేంద్రానికి పిలిపించారు. ముప్పైమంది కూర్చున్న తరగతి. నేను మంగతాయారు గుప్పిట్లో ఉన్నాను.

"అరవై ప్రశ్నలమ్మా. నీకు పదిహేడు తప్పులు, ఆవిడకీ పదిహేడు. అవే పదిహేడు! ఒప్పులు ఒకేలా ఉంటే చదివారనుకుంటాను. తప్పులు కూడా ఇంత ఐకమత్యంగా ఉంటే ఏమనుకోమంటారు? చూసి రాసినట్టు తేలితే ఇద్దరి మార్కులూ కొట్టేయాలి. ఏడాది పోతుంది."

తరగతిలో ఎవరో కిసుక్కుమన్నారు. మంగతాయారు లేచి నిలబడింది.

"నేనేనండి," అంది. "దాన్ని చూసి నేనే ఎక్కించేశానండి. నన్ను తీసెయ్యండి. అది చిన్నది, దాన్ని చదూకోనివ్వండి."

బ్రోకరు దగ్గర వేల అబద్ధాలు మోసినదాన్ని. ఆ చేతిలో నేను విన్న మొదటి అబద్ధం ఇది. దీనికి వేడెక్కలేదు, ఆవిడ చెమటకి తడిసిపోయాను.

"అబద్దవండి! మాయక్క మాట నమ్మకండి!" అని లేచింది సత్యవేణి. "చూసింది నేనండి, ఆయ్! కావాలంటే ఒట్టండి!"

మాస్టారు కళ్ళజోడు తీశారు. "నువ్వు ఆవిణ్ణి చూసి, ఆవిడ నిన్ను చూసి రాస్తే, మరి పాఠం చూసిందెవరమ్మా?"

తరగతి గొల్లుమంది. ఆయన మాత్రం నవ్వలేదు. సత్యవేణిని బయట కూర్చోమని, పాత క్విజ్‌లోంచి ఒక ప్రశ్న నాలోకి పంపారు. పప్పుధాన్యాల వల్ల కలిగే లాభం ఏది? మంగతాయారు గొణుక్కుంటూ చదివింది. కండపుష్టి, మలబద్ధక నివారణ, రక్తవృద్ధి. వేలు మొదటిదాని మీద పెట్టింది.

"మిగతా రెండూ తప్పా?"

"ఎందుకు తప్పండీ? మూడూ రైటే."

"మరి మొదటిదే ఎందుకు పెట్టావు?"

"ముందొచ్చినోళ్ళకి ముందు పొట్లం కట్టాలి కదండీ. మా కొట్లో అదే పద్దతి. ముగ్గురూ మంచోళ్ళే వచ్చి నిలబడితే ఏం చేత్తాం, వరసలో ముందున్నోళ్ళకే ముందు."

సత్యవేణిని లోపలికి పిలిచి అదే ప్రశ్న చూపించారు. ఆ పిల్ల కూడా కాస్త తల గోక్కుని మొదటిదాని మీదే వేలు పెట్టింది. "అన్నీ కరెష్టేనండి. ముందొచ్చింది ఇదే కదండీ!"

"నాలుగోది పెట్టొచ్చుగా తల్లీ?" అన్నారు మాస్టారు.

తోడికోడళ్ళు మొహమొహాలు చూసుకున్నారు. "నాలుగోదేదండీ? తమరెప్పుడూ మూడేగా ఇత్తారు?"

మాస్టారు నన్ను చేతిలోకి తీసుకున్నారు. కళ్ళజోడు పెట్టుకుని చూశారు, తీసి చూశారు, వంచి చూశారు. నా జన్మలో అంత సిగ్గుపడింది లేదు. తర్వాత నన్ను చేత్తో పైకెత్తి తరగతి మధ్యకి నడిచారు.

"అందరూ చూడండి. ఈ నల్లమచ్చ కింద నాలుగో జవాబు ఉంది. 'పైవన్నీ.' వీళ్ళకది ఒక్కసారీ కనబడలేదు. నాకేమో 'పైవన్నీ' అంటే ప్రీతి, ప్రతి ప్రశ్నకీ నాలుగోది అదే, అరవైలో పదిహేడుసార్లు సరైన జవాబూ అదే. వీళ్ళు దొంగతనం చేయలేదు. వరస తప్పలేదు, అంతే. నవ్వినవాళ్ళు ఇప్పుడు నవ్వండి, నా మీద!"

ఎవరూ నవ్వలేదు. నేనేమో, నేరస్థురాల్ని నేనే అయివుండి ఒక్క ముక్క మాట్లాడలేకపోయాను. ఊరందరి మాటలూ మోసే నాకు, నా మాటంటూ లేదు చూడండి!

ఆ పదిహేడు ప్రశ్నలూ మార్చి, కేంద్రంలో ఉన్న కంప్యూటరు మీద ఇద్దరిచేతా విడివిడిగా మళ్ళీ పెట్టించారు. మంగతాయారుకి పదిహేడు వచ్చాయి, సత్యవేణికి పదహారు. "అమ్మయ్య, ఒకటి తేడా వచ్చింది!" అని మాస్టారు పరీక్ష తనే పాసైనట్టు సంబరపడ్డారు.

ఇంటికొచ్చాక ఈ కథంతా అచ్చియ్యమ్మ చెవిలో రెండుసార్లు అరిచి చెప్పారు. ఈసారి ఆవిడకి అక్షరం పొల్లు పోకుండా వినబడింది. మర్నాడు కర్రీ పాయింటు ముందు నిలబడ్డ వరసకంతా ఆవిడే వివరించింది. "మా కోడళ్ళు చూసి రాయలేదండి. ఫోనుకి శుక్లం వచ్చిందంట, పాపం, దానికి కిందది ఆనలేదు." ఎవరో "ఏం కూరలున్నాయి పిన్నిగారూ?" అంటే, తలపైన వేలాడే కూరల పేర్ల పలక చూపించి, కొత్తగా నేర్చిన మాట దర్జాగా వాడింది. "పైవన్నీ!"

సాయంత్రం సత్యవేణి నన్ను తిప్పి తిప్పి చూసి, "దీన్ని పారేసి ఇంకోటి కొందామక్కా" అంది. నా గుండె, అంటే ఆ మార్పించిన బ్యాటరీ, జారిపోయింది.

చిత్రం, ఆ మాట కూడా అచ్చియ్యమ్మకి వినబడింది. నన్ను లాక్కుని కొంగుతో తుడిచి ఒళ్ళో పెట్టుకుంది.

"క్విజ్జులు ఆ కంపూటర్లో రాసుకోండి. పాటాలు దీంట్లో సదూకోండి. నాకు చెవుడొచ్చిందని పారేశారా, దీనికి శుక్లవొచ్చిందని పారేత్తారా?"

మంగతాయారు నన్ను ఆవిడ ఒళ్ళోంచి తీసి సత్యవేణి చేతిలో పెట్టింది. కత్తిపీట వాల్చి, ఆనపకాయ ముందుకి లాక్కుని, "ఏడో పాఠం తియ్యవే" అంది.