సాయంత్రం పాలు

చెలగాత్ బ్యాంకు ఉద్యోగం మానేసిన రోజున నైరోబీలో ఆమెను మెచ్చుకున్నవాళ్లు ఒక్కరూ లేరు. ఏడేళ్లు ప్రోగ్రామర్‌గా పనిచేసి, పేరు తెచ్చుకుని, తీరా పెద్ద కుర్చీ దగ్గరికి వచ్చేసరికి పాల క్యాన్ల వెంట పడతానంటే ఎవరు మాత్రం మెచ్చుకుంటారు? ఆమె ఎవరి మాటా పట్టించుకోలేదు. సొంత ప్రాంతమైన నాండి కొండలకు వచ్చేసి, కప్సబెత్‌లో పశువుల మందుల దుకాణం పైన ఒక గది అద్దెకు తీసుకుంది. తలుపు మీద తన చేత్తోనే 'చేగో' అని కంపెనీ పేరు రాసుకుంది. నాండి వాళ్ల మాటలో పాలు అని. ఆ కంపెనీకి యజమాని, ఉద్యోగి, గది ఊడ్చే మనిషి అన్నీ తనే.

మొదటి బేరం కాప్‌సోయెట్ పాల సంఘంతో కుదిరింది. అంతవరకు అక్కడ గుమస్తా పుస్తకంలో రాసిందే కొలత, వానకు పుస్తకం తడిస్తే అదీ లేదు. చెలగాత్ ఇంటికో కార్డు ఇచ్చి, కాటాను ఫోనుతో కలిపింది. క్యాను కాటా మీద పెట్టిన మనిషి గేటు దాటేలోపే ఎన్ని కిలోలో మెసేజ్ వచ్చేస్తుంది. మూడు నెలలు వాడి చూస్తామని, తర్వాత సర్వసభ్య సమావేశంలో ఓటు వేసి ఐదేళ్లకు ఒప్పందం రాస్తామని సంఘం అంది. అది దక్కితే కొండ మీది మిగతా సంఘాలూ వస్తాయి. దక్కకపోతే తలుపు మీది పేరు తుడిచేసుకుని మళ్లీ నైరోబీ బస్సెక్కాల్సిందే.

రెండు నెలలు హాయిగా గడిచాయి. మూడో నెలలో సంఘం పాలు చల్లబరిచే ట్యాంకు కొంది. పొద్దుటి పాలే కాదు, ఇకపై సాయంత్రం పాలు కూడా తీసుకుంటామని చాటించింది. చెలగాత్ కోడులో రెండు లైన్లు కలిపింది. ఏ పూట పోసినా ఆ ఇంటి పాలన్నీ ఒకే కార్డు మీద, ఇంటాయన ఫోనుకు ఒకే మెసేజ్. రాసి చూసుకుని మురిసిపోయింది. కోడు రాసేవాళ్లకు ఇదొక జబ్బు, లెక్క చక్కగా కలిస్తే లోకమూ చక్కగానే ఉందనుకుంటారు.

మొదటి రెండు సాయంత్రాలు ఆడవాళ్లు క్యాన్లతో బారులు తీరారు. మూడో సాయంత్రం సగం మందే వచ్చారు. తొమ్మిదో సాయంత్రానికి ఎవరూ రాలేదు. సంఘం అధ్యక్షుడు సితియెనెయ్ ఆమెను పిలిచి ట్యాంకు మూత ఎత్తి చూపించాడు.

"ఇందులో నా ముఖం కనబడుతోందమ్మాయ్, పాలు మాత్రం కనబడట్లేదు" అన్నాడు.

చెలగాత్ మూడు రోజులు తప్పు కోసం వెతికింది. కాటా బ్యాటరీ మార్చింది, సిగ్నల్ చూసింది, కోడు లైను లైనూ తిరగేసింది. తప్పు ఎక్కడా లేదు. సమావేశం నాలుగు రోజుల్లోకి వచ్చేసింది. దిక్కుతోచక నానమ్మ తాప్సుబెయ్ ఇంటికి వెళ్లింది. ముసలావిడ ఆ సాయంత్రం పితికిన పాలను తీరిగ్గా పులియబెట్టే సొరబుర్రలో పోసుకుంటోంది.

"నువ్వు కూడా మానేశావా నానమ్మా?"

"రెండు రోజులు పోశానే. మూడో పొద్దున మీ తాత ఫోను పట్టుకొచ్చి, నిన్న సాయంత్రం నాలుగు కిలోలట కదా అన్నాడు. యాభై ఏళ్ల కాపురంలో ఆయన నోట ఆ మాట రావడం అదే మొదలు. ఆయన్నేమంటాం? ఫోనులో వస్తే చూడడా? ఆ ఫోనుకు పంపినదాన్ని అనాలి."

చెలగాత్‌కు అప్పుడు వెలిగింది. పొద్దుటి పాలు మగవాడివి, సాయంత్రం పాలు ఆడదానివి. ఎక్కడా రాసి లేదు గానీ కొండ మీద పసిపిల్లలకు కూడా తెలుసు. ఇంటిల్లిపాది టీ, ఉప్పు, సబ్బు అన్నీ ఆ సాయంత్రం పాలలోంచే వస్తాయి. వాటి లెక్క అడగడమంటే మగాడు వంటింట్లో దూరి కుండల మూతలెత్తి చూడటమే. చెలగాత్ బడి ఫీజు, మొదటి బూట్లు నానమ్మ సాయంత్రం పాలవే. అన్నీ తెలిసిన పిల్ల ఏడేళ్లు అంకెలతో కాపురం చేసి మరిచిపోయింది. ఆమెకు ఏడుపొచ్చేంత సిగ్గేసింది.

"సాయంత్రం పుట్టావని చెలగాత్ అని నేనే పేరు పెట్టాను. సాయంత్రాన్నే మరిచిపోయావు కదే" అంది నానమ్మ.

దిద్దడానికి రెండు రోజులు పట్టింది. సాయంత్రానికి వేరే కార్డు, అది ఆడమనిషి పేరు మీద, మెసేజ్ ఆమె ఫోనుకే. సితియెనెయ్ విని తల అడ్డంగా ఊపాడు. ఒక ఇంటికి ఒకే కార్డు అని కమిటీ పట్టుబట్టిందన్నాడు. ఆమె ఊరుకుంటే ఓట్లు తను చూసుకుంటానని, కాదంటే నవ్వులపాలవుతుందని చెప్పాడు. ఊఁ అంటే ఒప్పందం చేతిలో పడ్డట్టే. చెలగాత్ ఊఁ అనలేదు.

సమావేశంలో కుర్చీలన్నీ మగవాళ్లవే. ఆడవాళ్లు వెనక గోడవారన నిలబడ్డారు. చెలగాత్ లేచింది. బ్యాంకు పిల్లకు మా ఇళ్ల సంగతులెందుకని ఎవరో మాట విసిరారు. ఆమె కార్డుల గురించి గానీ కోడు గురించి గానీ ఒక్క ముక్క మాట్లాడలేదు.

"సాయంత్రం పాలు ఎన్నొచ్చాయని మీ ఇంటావిడను అడిగిన మగాడు ఉంటే చెయ్యెత్తండి. ఒక్క చెయ్యి లేచినా సరే, ఒకే కార్డు ఉంచేస్తాను."

అందరూ బూట్ల వంక చూసుకున్నారు. అడిగానని నలుగురిలో ఎవరు ఒప్పుకుంటారు? చెలగాత్ ధైర్యం అదే. ఆమె ఊపిరి పీల్చుకోబోతుండగా మూడో వరసలో ఒక చెయ్యి లేచింది. చూస్తే సొంత తాత.

"నేనడిగాను" అన్నాడు ముసలాయన లేచి. "ఫోనులో చూసి అడిగాను. ఆ రోజు నుంచి నా టీలో పాలు లేవు. నల్ల టీ తాగలేక చస్తున్నాను. మీ ఇళ్లలోనూ అదే టీ అని నాకు తెలుసు, పైకి చెప్పరంతే. ఆ పిల్ల చెప్పినట్టు వినండి."

గోడవారన మొదలైన నవ్వు కుర్చీల దాకా పాకింది. సితియెనెయ్ కూడా నవ్వాపుకోలేక టోపీతో ముఖం కప్పుకున్నాడు. నవ్వు తగ్గాక, ఆ మాట వాళ్ల చేత అడిగించింది తన మెసేజేనని, తప్పు తనదేనని, ముందే దిద్దేశానని చెలగాత్ చెప్పింది. ఒప్పందాన్ని ఓటుకు పెడితే లేచిన చేతులు లెక్కపెట్టే పనే లేకపోయింది.

వారం తర్వాత కొత్త కార్డులు వచ్చాయి. ఆ సాయంత్రం వరసలో అందరికన్నా ముందు తాప్సుబెయ్ నిలబడింది. క్యాను కాటా మీద పెట్టగానే ఆవిడ కొంగుముడిలో ఫోను మోగింది. ఆవిడకు చదువు రాదు. తీసి మనవరాలికి అందించింది.

"తాప్సుబెయ్. సాయంత్రం. నాలుగు కిలోల రెండొందల గ్రాములు" అని చదివింది చెలగాత్.

"కిలోలు నాకు తెలుసులే. పేరు మళ్లీ చదువు. ఆ చివరున్నవాళ్లకు వినబడాలి."

సంఘం పెట్టి నలభై ఏళ్లయినా ఆ పేరు అక్కడ ఏ పుస్తకంలోనూ లేదు. చెలగాత్ గొంతు సవరించుకుని, పాల కేంద్రమంతా వినబడేలా నానమ్మ పేరు చదివింది.