రేపటి వంట

“ఉప్పు లేదు,” అన్నారు మా ఆయన, మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే.

ఉప్పు డబ్బా ఆయన మోచేతి పక్కనే ఉంది. చెయ్యి చాపితే అందుతుంది. ఆయన చాపలేదు. నేను పొయ్యి దగ్గర నుంచి వచ్చి, మూత తీసి, ఆయన కంచం అంచున కాస్త వేసి, మళ్ళీ మూత పెట్టాను.

“వాళ్ళకి మాత్రం కొలిచినట్టు వేస్తావు. ఇంట్లోవాళ్ళకే మర్చిపోతావు.”

“పొద్దున్నుంచి వాళ్ళ కూర రుచి చూసీ చూసీ నాలుక మొద్దుబారింది. దేంట్లో ఉందో దేంట్లో లేదో తెలియట్లేదు.”

“ఇంటికి వండడం మర్చిపోయేంత చదువు చదివింది నీ పెళ్ళాం,” అంది అత్తయ్య గోడవైపు చూస్తూ. నా గురించి నాకు వినపడేలా కొడుకుతో చెప్పేటప్పుడు ఆవిడ గోడవైపే చూస్తుంది. “నన్నడిగితే ఎంత పడాలో కళ్ళు మూసుకుని చెప్తాను. నన్నడిగేదెవరు.”

మావయ్యగారు తలెత్తలేదు. “తినేటప్పుడు గొడవలెందుకు. శాంతిగా తినండి,” అన్నారు. అంటే నేను ఇంక మాట్లాడకూడదని. నేను మాట్లాడటం ఆపాను, శాంతి వచ్చింది, అందరూ తిన్నారు.

వాళ్ళంటే బడిలో దిగిన సైనికులు. చలికాలం చివర్లో వంతెన దాటి వచ్చారు. ఊళ్ళో ఎవరూ ఆపలేదు, ఆపడం మాకు రాదు. మా వాళ్ళు తరతరాలుగా ఆయుధం ముట్టరు. ఎవరైనా కత్తి పట్టుకుని వస్తే ముందు కంచం పెట్టమని మా పెద్దల మాట. మన చేతి తిండి తిన్నవాడికి మన మీద చెయ్యి లేవదని నమ్మకం. మా గురించి పై దేశాలవాళ్ళు పుస్తకాలు రాశారు. కాలేజీలో అది నాకు పాఠంగా కూడా వచ్చింది, చదువుకుని గర్వపడ్డాను, పరీక్షలో బాగా రాశాను. ఆ కంచం ఎవరు పెడతారో, తిన్నాక ఎవరు తోముతారో ఆ పాఠంలో లేదు. అప్పుడు నాకూ ఆ ప్రశ్న తట్టలేదు.

మా ఆయన ఆ బడిలోనే సైన్సు మాస్టారు. బడి మూతపడ్డాక ఆయనకి సెలవు, నాకు పని రెట్టింపు. మా వీధి తరఫున వంట మా పెరట్లోనే. నేనూ, ఎదురింటి టైలరు భార్యా కలిసి పెద్ద గుండిగల్లో దుంపలు ఉడికించి, కూర కలిపి, రొట్టెలు కాల్చి, తోపుడు బండి మీద పెట్టి బడికి తీసుకెళ్తాం. సైనికుల్లో ఒకడికి పన్ను నొప్పి. చెంప వాచిపోయి, మెత్తటివి ఉంటే వేరేగా పెట్టమని చేత్తో సైగ చేశాడు. అప్పట్నుంచి ఒక గిన్నెలో దుంపలు మెదిపి వాడికోసం పక్కన పెడుతున్నాను. ఎందుకంత మర్యాద అని టైలరు భార్య అడిగింది.

“మెదపకపోతే వదిలేస్తాడు. ఎండిపోతే గిన్నె తోమడం కష్టం,” అన్నాను.

“అబద్ధం కూడా అంట్ల మీదకే తోస్తావు,” అని నవ్వింది.

మా తిండి తిన్నాక కూడా వాళ్ళ చెయ్యి లేచింది. కోతలు కాగానే ఊరు ఖాళీ చేసి కొండదారిన వెళ్ళిపోవాలని వాళ్ళ అధికారి చాటింపు వేయించాడు. ఎగువ ఊరివాళ్ళనీ అలాగే పంపారు. అలా వెళ్ళినవాళ్ళలో ఒక్కరు కూడా తమ దగ్గరికి రాలేదని కొండ అవతల ఉన్న మా చుట్టాలు కబురు పెట్టారు. వాగులో మాత్రం చెప్పులు కొట్టుకొచ్చాయి. నేను బట్టలు జాడించడానికి వెళ్ళినప్పుడు చూశాను. చిన్న సైజువి కూడా ఉన్నాయి. ఇంటికొచ్చి గుమ్మం దగ్గర మా అమ్మాయి చెప్పులు తీసి లోపల పెట్టాను, వాటికేదో అవుతుందన్నట్టు.

అప్పట్నుంచి మగవాళ్ళు రోజూ సభ ఇంట్లో కూర్చుంటున్నారు. ఈ సైనికులతో పోరాడుతున్న నది అవతలివాళ్ళు మాకు తుపాకులు ఇస్తామన్నారు. పట్టాలా, వద్దా. పడితే ప్రమాణం పోతుంది, పట్టకపోతే ప్రాణం పోతుంది. మా మగపిల్లలు పెద్దవాళ్ళయ్యాక ఆ సభలోని పొడవాటి బల్ల మీద రెండు చేతులూ ఆనించి, ఒక సాక్షి ముందు ప్రమాణం చేస్తారు: ‘ఈ చేతులు ఏ మనిషి ప్రాణమూ తియ్యవు.’ ఆ రోజు ఆడవాళ్ళం వెనక గదిలో వంట చేస్తూ ఉంటాం. గిన్నెలు అందించే కిటికీలోంచి వినీ వినీ ఆ మాటలు నాకు కంఠతా వచ్చేశాయి.

ఉప్పు గొడవ జరిగిన మర్నాడు మధ్యాహ్నం ఆయన సభ నుంచి తొందరగా వచ్చారు. తిన్నగా వంటింట్లోకి వచ్చారు. అదే వింత. రుమాలుతో పట్టుకున్న కాగితం పొట్లం అరలో, ఉప్పు డబ్బాని ఆనించి పెట్టారు.

“తీర్మానం అయింది. తుపాకులు వద్దు. అందరిదీ ఒకే మాట. నాన్నగారికైతే కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి.”

నాకూ వచ్చాయి. పమిటతో తుడుచుకున్నాను.

“పొట్లం ఏంటి?”

“ఊరి గింజలు నిలవచేసే కొట్లో ఎలుకలకి పెట్టేది.” గొంతు సవరించుకున్నారు. “రేపటి కూరలో కలపాలి. వండే ఆడవాళ్ళకి తలా ఒకటి ఇచ్చారు. రుచి తెలియదట. నీకు శ్రమ కూడా ఉండదు. ఎలాగూ వండుతున్నావు కదా.”

నేను చేతిలో గరిటె కింద పెట్టాను.

“మరి ప్రమాణం?”

“అదే కదా. మేం ఎవరం చెయ్యి పెట్టట్లేదు. ఆడవాళ్ళకి ప్రమాణం లేదు కదా.” చిక్కులెక్క తేలినప్పుడు బోర్డు ముందు నిలబడ్డ మాస్టారి ముఖంలా ఉంది ఆయన ముఖం.

“రుమాలు ఎందుకు?”

“చేతికి అంటితే మంచిది కాదు.”

“నా చేతికి అంటితే?”

“కడుక్కో,” అన్నారు.

ఆయన వెళ్ళాక పొట్లాన్ని పట్టకారుతో పట్టుకుని పై అరలోకి మార్చాను. ఉప్పు డబ్బా కడిగాను. అర కడిగాను. కడిగిన గుండిగలు మళ్ళీ కడిగాను. ఎలాగూ. ఈ ఇంట్లోకి వచ్చిన దగ్గర్నుంచి నా పనులన్నీ ఆ మాట పట్టుకునే వచ్చాయి. ఎలాగూ లేచావు కదా, నీళ్ళు కాచెయ్యి. ఎలాగూ ఇంట్లోనే ఉంటావు కదా, ఆ ఉద్యోగం ఎందుకు. ఎలాగూ బజారుకి వెళ్తున్నావు కదా, అమ్మకి మందులు, నాన్నకి కళ్ళజోడు, నాకు బ్లేడ్లు. ఎలాగూ పొయ్యి వెలుగుతోంది కదా, నలుగురొస్తున్నారు. ఇప్పుడు ఎలాగూ వండుతున్నావు కదా, చంపెయ్యి. కొత్త పనిలా కూడా చెప్పలేదు, పాత పనికి అతికించి చెప్పారు. వాళ్ళు చావకూడదని నేను అనుకుంటున్నానా అంటే, లేదు. ఆ చిన్న చెప్పులు కళ్ళలో మెదిలిన ప్రతిసారీ బడి మొత్తం ఒక్కసారిగా కూలిపోతే బాగుండునని గుండిగ కలుపుతూనే అనుకున్నాను. ఎలుకల మందు ఎక్కడుంటుందో సభకన్నా ముందే నాకు తెలుసు, కొట్టు ఊడ్చేది మేమే. పన్ను నొప్పివాడి గిన్నె చేతిలో పట్టుకుని, వేస్తే ఎంతసేపు పడుతుందో అని కూడా ఆలోచించాను. ఆలోచించి, వెయ్యకుండా, మెదిపి ఇచ్చాను. మగవాళ్ళు నెలంతా కూర్చుని తేల్చలేకపోయిన విషయాన్ని నేను ప్రతి పొద్దునా పొయ్యి ముందు నిలబడి తేల్చుకుంటున్నానని ఎవరికీ తెలియదు, నాకే ఆ మధ్యాహ్నం దాకా తెలియలేదు.

సభ ఇల్లు తుడిచే వంతు ఆ రోజు మా ఇద్దరిదీ. బకెట్లు దించాక టైలరు భార్య అడిగింది.

“మీ ఇంట్లో ఎక్కడ పెట్టారు?”

“ఉప్పు పక్కన.”

“మా ఆయన పంచదార పక్కన పెట్టాడు. నీకూ శ్రమ ఉండదన్నారా?”

“ఎలాగూ వండుతున్నావు కదా అన్నారు.”

ఇద్దరం నవ్వాం. గది ఖాళీగా ఉండటంతో ఆ నవ్వు పెద్దగా వినిపించింది. గబుక్కున ఆపేశాం.

బల్ల తుడవడం నా వంతు. తుడిచాక బట్ట బకెట్లో వేసి, రెండు చేతులూ బల్ల మీద ఆనించాను. తడి చేతులు. వేళ్ళ అచ్చులు పడ్డాయి. కంఠతా వచ్చిన మాటలే అయినా మధ్యలో ఒక మాట తప్పింది, మొదటి నుంచి మళ్ళీ చెప్పాను. ఈ చేతులు ఏ మనిషి ప్రాణమూ తియ్యవు.

టైలరు భార్య చీపురు గోడకి ఆనించి బల్ల దగ్గరికి వచ్చింది. “సాక్షి ఉండాలి కదా,” అంది. “నేనున్నాలే. నేను మాత్రం ఇంకా తేల్చుకోలేదమ్మా. నా పిల్ల మరీ చిన్నది.”

“నాదీ పిల్లే,” అన్నాను. ఆమెని తప్పుపట్టలేదు. ఇంటికి నడిచేంతసేపూ నా మాట తప్పో ఒప్పో నాకే తెలియలేదు.

సభలో తీర్మానం అయిన రోజు సాయంత్రం ప్రతి ఇంట్లో పెద్దవాడు భోజనాల దగ్గర దాన్ని చెప్తాడు. మిగతావాళ్ళు ‘సరే’ అంటారు. అన్నాక ముద్ద ఎత్తుతారు. అందరికీ వడ్డించి నేను కూడా కూర్చున్నాను. అందరితో కలిసి కూర్చోవడం నాకు అలవాటు లేదు. మా ఆయన ఒకసారి నా వైపు చూశారు.

“మన ఊరు నిలబడాలి, మన మాటా నిలబడాలి,” అన్నారు మావయ్యగారు. “రెండూ నిలబడే దారి దొరికింది. రేపటితో ఈ పీడ పోతుంది. సరేనా?”

“సరే,” అన్నారు మా ఆయన. అమ్మాయి నా వైపు చూసింది. అత్తయ్య గోడవైపు తిరిగి కూర్చుంది.

“నేను మధ్యాహ్నం ప్రమాణం చేశాను మావయ్యగారూ,” అన్నాను.

“ఏ ప్రమాణం?”

“బల్ల మీద చేతులు పెట్టి చేసేదే. సాక్షి కూడా ఉంది.”

“ఆడవాళ్ళు చెయ్యరు.”

“చెయ్యకూడదని ఎక్కడా లేదు. ఒకసారి చేస్తే వెనక్కి తీసుకోవడం ఉండదని మీరే చెప్తుంటారు.”

మా ఆయన కంచం పక్కకి నెట్టారు. “అంటే మనం చచ్చినా ఫరవాలేదా? నీ కూతుర్ని చూసి చెప్పు.”

చూశాను. చాలాసేపు చూశాను.

“చంపాలో వద్దో నాకు తెలియదండీ. చంపక తప్పదని మీకనిపిస్తే మిమ్మల్ని ఆపను. నేను మాత్రం వండను. రేపటి వంట మీరు చెయ్యండి. గుండిగలు కడిగి ఉన్నాయి. దుంపలు బుట్టలో ఉన్నాయి. పొట్లం పై అరలో ఉంది. ఒకడికి పన్ను నొప్పి, వాడికి మెత్తగా మెదిపి వేరే గిన్నెలో పెట్టాలి. మీ చేత్తో అందిస్తేనే తీసుకుంటాడు.”

ఆయన తన చేతుల వైపు చూసుకున్నారు. మావయ్యగారు కూడా ఆ చేతుల వైపే చూశారు. తర్వాత మావయ్యగారి చూపు తన చేతుల మీదకి వచ్చింది.

“నాకు వంట రాదని నీకు తెలుసు కదా,” అన్నారు మా ఆయన, నెమ్మదిగా.

అప్పటిదాకా గోడవైపు తిరిగి కూర్చున్న అత్తయ్య కొడుకు వైపు తిరిగింది.

“పొద్దున్నే లే,” అంది. “ఉప్పు ఎంత వెయ్యాలో నేను చెప్తాలే.”