పెద్దోడి కంచం

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. తల్లులకు వంటా తిండీ నేర్పే ఉద్యోగానికి ఆ కోపం పనికిరాదని మా పైఅధికారి అంటాడు. ఆయన జన్మలో ఒక్క పిల్లాడికైనా ముద్ద పెట్టిన మొహమేనా అది!

ఈ పేటలో పిల్లలందరినీ ఒకే పెద్ద పళ్లెం చుట్టూ కూర్చోబెడతారు. గడుసువాళ్లు గబగబా లాగించేస్తారు. నెమ్మదస్తుడు వేళ్లు నాక్కుంటూ లేస్తాడు. అందుకే మా పోషకాహార కేంద్రంలో మొదటి పాఠం ఇది.

"ఎవరి కంచం వాళ్లకి పెట్టండమ్మా. ఖాళీ అయ్యేదాకా పక్కనే కూర్చోండి. అడగందే అమ్మయినా పెట్టదంటారు కదా, మరి అడగడం రాని పిల్లల గతేంటి?"

అందరూ నవ్వారు. బట్టలు కుట్టే ఆమె మాత్రం నవ్వలేదు. ఒళ్లో ఉన్న కూతురు చిట్టిని ఇంకాస్త దగ్గరికి లాక్కుంది.

చిట్టి జబ్బకు కొలత పట్టీ చుట్టాను. ఎరుపు దగ్గర ఆగింది, అంటే పిల్ల ప్రమాదకరంగా చిక్కిపోయిందన్నమాట. గుడ్లు, పప్పుపిండి ఇచ్చి, ఎలా వండాలో దగ్గరుండి చేయించాను. చక్కగా చేసింది. అయినా తర్వాతి నెల పిల్ల ఇంకా చిక్కిపోయి వచ్చింది. నాకు ఒళ్లు మండింది.

"పిల్లకి పెడుతున్నావా, పిల్లికి పెడుతున్నావా? ఇంకాస్త తగ్గిందంటే చిన్న జలుబు చాలు, పిల్ల మనకి దక్కదు!"

"మీరు చెప్పినట్టే పెడుతున్నా టీచరమ్మా. ఎవరి కంచం వాళ్లకే. ఒంటికి పట్టట్లేదు," అంది తల వంచుకుని.

ఇదేదో చూడాల్సిందేనని మర్నాడు మధ్యాహ్నం వాళ్లింటికి వెళ్లాను. ఒకటే గది. కిటికీ దగ్గర కుట్టుమిషను, దాని కింద గుడ్డపీలికల కుప్ప. నేల మీద చిట్టి, ఎదురుగా రెండు కంచాలు. ఒకటి స్టీలుది. రెండోది అంచు పెచ్చులూడిన నీలం కంచం. తల్లి గుడ్డును సగానికి కోసి ఒక్కో దాంట్లో ఒక్కో ముక్క పెట్టింది.

"ఆ రెండోది ఎవరిది?"

"పెద్దోడిది."

ఆమె పెద్దకొడుకు చనిపోయి ఏడాది దాటింది. అప్పటికి మా కేంద్రం ఈ వీధికి రాలేదు.

"అప్పట్లో తోడికోడలి పిల్లలతో కలిపి ఒకే పళ్లెంలో పెట్టేదాన్ని," అంది. "వాడు ఏదీ అడిగేవాడు కాదు. బుద్ధిమంతుడని మురిసిపోయేదాన్ని. మీ పాఠం విన్నాకే తెలిసింది, వాడికి అందలేదని."

ఇంతలో చిట్టి కిలకిలా నవ్వింది. ఎదుటి గోడ వైపు చూస్తూ తన గుడ్డుముక్కను కూడా నీలం కంచంలోకి నెట్టింది.

"అన్నకి ఆకలి," అంది.

తల్లి రెండు చేతులూ నా కళ్ల ముందే, ఆమె ఒళ్లోనే ఉన్నాయి. తలుపు గడియ వేసే ఉంది. నేను చిట్టి మొహం చూసి మళ్లీ కిందికి చూసేసరికి నీలం కంచంలో పచ్చసొన పొడి తప్ప ఏమీ లేదు. కంచం అంచు మాత్రం ఇంకా సన్నగా అదురుతోంది.

పారిపోవాలనిపించిన మాట నిజం. కానీ చిట్టి చేతులు పుల్లల్లా కనబడుతున్నాయి. నీలం కంచం తీసి సంచిలో పెట్టుకున్నాను.

"వాడికి పెట్టకుండా ఎలా టీచరమ్మా?" తల్లి నా చెయ్యి పట్టుకుంది.

"పెట్టొద్దని ఎవరన్నారు? నేను పెడతాను." తర్వాత గోడ వైపు తిరిగి, పాఠం చెప్పే గొంతుతోనే అన్నాను. "బాబూ, ఇక చెల్లి కంచం జోలికి రాకు. నాతో రా."

మెట్లు దిగుతుంటే ఒక చిన్న చల్లటి చెయ్యి నా చిటికెన వేలు పట్టుకుంది.

తర్వాతి నెల చిట్టి కొలత పట్టీ మీద పసుపుకొచ్చింది. ఆపై నెలల్లో ఆకుపచ్చకొచ్చింది. తల్లులందరూ చప్పట్లు కొట్టారు, పైఅధికారి ఫొటో తీయించుకున్నాడు. కేంద్రంలో నా కుర్చీ పక్కన నీలం కంచం ఎందుకని ఎవరూ అడగలేదు. నా కోపానికి భయపడి ఉంటారు.

మొన్న బట్టలు కుట్టే ఆమె, వదులైపోయిన నా జాకెట్టు సరిచేయడానికి కేంద్రానికి వచ్చింది. నా జబ్బకు టేపు చుట్టి, కొలత చూసి, మళ్లీ చుట్టింది.

"ఏంటిది టీచరమ్మా? అన్నం తింటున్నారా?"

"తింటూనే ఉన్నాను. ఒంటికి పట్టట్లేదు."

ఆమెకు అర్థమైంది. ఏడుస్తూ నీలం కంచం ముందు మోకాళ్ల మీద కూలబడింది. "నాన్నా, ఇక చాల్రా..." అనబోయింది.

నేను ఆమె నోరు మూశాను.

"ఆ మాట వాడితో అనకు. పాపం, ఇప్పుడిప్పుడే అడగడం నేర్చుకున్నాడు. జాకెట్టు బాగా లోపలికి వేసి కుట్టు," అని గుడ్డు ఒలిచి, సగానికి కోయకుండా కంచంలో పెట్టి, పక్కనే కూర్చున్నాను.